గిర్రున తిరిగిందా, బైర్లు కమ్మాయా, తూలిందా

(పెన్షనర్ల సంఘం నెలవారీ సమావేశంలో ఒక జనరల్ ఫిజీషియన్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. సభలో వాళ్ళు అన్న మాటలు కొన్ని అలాగే ఉంచాం.)

వెనక వాళ్ళకి వినపడుతోందాండీ? ఆ ఫ్యాను కాస్త తగ్గించు బాబూ, మైకులో గాలి హోరు వస్తోంది. ఆఁ, చాలు.

సెక్రటరీ గారు ఫోన్ చేసి "పెద్దవాళ్ళకి తల తిరగడం గురించి చెప్పండి డాక్టరు గారూ, మా వాళ్ళలో సగం మందికి అదే గొడవ" అన్నారు. సరేనన్నాను గానీ, తీరా కూర్చుంటే ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తోచలేదు. ఎందుకంటే తల తిరగడం జబ్బు కాదు. జ్వరం ఎలాగో ఇదీ అలాగే. మలేరియాకీ జ్వరమే, టైఫాయిడుకీ జ్వరమే, ఫ్లూకీ జ్వరమే. జ్వరానికి మాత్ర అడిగినట్టు తల తిరుగుడుకి మాత్ర అడుగుతారు మీరు. మేమూ రాసిచ్చేస్తాం. ఆ రాసివ్వడం దగ్గర ఒక కథ ఉంది, తర్వాత చెబుతాను.

ముందు నాకొక సంగతి చెప్పండి. తల తిరిగినప్పుడు ఇంట్లో ఏమంటారు?

("కళ్ళు తిరిగాయంటాం." "తూలుతోంది అంటాను నేను." "దిమ్ముగా ఉంది." "పైత్యం చేసింది." నవ్వులు.)

పైత్యం సంగతి పక్కన పెడదాం అమ్మా, అదొక సముద్రం. మిగతావి చూడండి. గోడలు, పైకప్పు గిర్రున తిరుగుతున్నాయి, ఇది ఒక రకం. లేవగానే కళ్ళు బైర్లు కమ్మాయి, చీకట్లు వచ్చాయి, సొమ్మసిల్లుతానేమో అనిపించింది, ఇది ఇంకో రకం. కూర్చుంటే శుభ్రంగా ఉన్నాను, నడిస్తేనే తూలుతున్నాను, కాలు ఎక్కడ పడుతోందో తెలియట్లేదు, ఇది మూడోది. ఇక దిమ్ముగా, తేలిపోతున్నట్టు, ఇదీ అని చెప్పలేను అనేది నాలుగోది. 1972లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు సరిగ్గా ఈ నాలుగు అరలే కట్టారు. మేం చదువుకున్నది అదే. వాళ్ళు కట్టకముందే మన భాషలో నాలుగింటికీ నాలుగు మాటలున్నాయి చూడండి.

కానీ ఒక చిక్కుంది. పొద్దున్న "గిర్రున తిరిగింది" అన్న మనిషినే పది నిమిషాలాగి మళ్ళీ అడిగితే "అబ్బే, తూలినట్టుందంతే" అంటారు. ఇది నా అనుభవమే కాదు, అత్యవసర విభాగాల్లో కూర్చుని లెక్కగట్టిన వాళ్ళూ ఇదే చెప్పారు. అందుకని ఇప్పుడు నేను "ఎలా ఉంది" అన్నదాని మీద ఎక్కువ ఆధారపడను. ఎంతసేపు ఉంది? ఏం చేస్తుంటే వచ్చింది? కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారు? ఈ మూడింటికి జవాబిస్తే సగం వైద్యం మీరే చేసినట్టు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా చూసేదాని దగ్గరికి వద్దాం. మా వీధిలో ఒకావిడ, డెబ్భై దాటాయి. తెల్లవారుజామున టైమెంతయిందో చూద్దామని మంచం మీద కుడిపక్కకి దొర్లింది. అంతే, ఇల్లు తలకిందులైంది. మంచం పట్టె పట్టుకుని కేకలు. వాంతులు. కొడుకు కారులో ఓ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ఈసీజీ, స్కానింగు, ఒక రాత్రి సెలైను, అన్నీ అయ్యాయి, అన్నీ నార్మలే. మెడకి పట్టీ వేసి పంపారు. ఆవిడ ఆ తర్వాత పదకొండు నెలలు మంచం ఎక్కలేదు. వాలు కుర్చీలో కూర్చునే నిద్ర. పడుకుంటే మళ్ళీ వస్తుందని భయం.

అమ్మా, మీ గాజొకటి ఇస్తారా? తిరిగి ఇచ్చేస్తాను, భయం లేదు. (నవ్వులు) ఇదిగో, చెవి లోపల, ఎముక మధ్యలో, ఇలాంటి గాజులు మూడుంటాయి, సన్నటి గొట్టాలు. రెండు గోడలూ నేలా కలిసే మూల చూడండి, అలా మూడూ మూడు దిక్కులకి. వాటి నిండా నీరు. తల తిప్పితే ఆ నీరు కదులుతుంది, తల ఎటు తిరిగిందో మెదడుకి తెలుస్తుంది. వీటి పక్కనే ఒక చిన్న సంచి. అందులో జిగురు మీద కంటికి ఆననంత చిన్న గులకరాళ్ళు అంటుకుని ఉంటాయి. కోడిగుడ్డు పెంకు దేంతో తయారవుతుందో అవీ దాంతోనే, కాల్షియం కార్బొనేటు. వయసు మీద పడే కొద్దీ ఆ జిగురు పట్టు సడలి రాళ్ళు ఊడతాయి. తలకి దెబ్బ తగిలినా, ఆపరేషనయి చాలారోజులు మంచాన ఉన్నా ఊడతాయి. ఊడినవి పక్కనున్న గాజులోకి జారితే వచ్చింది తంటా. పక్కకి దొర్లగానే రాళ్ళు లోపల దొర్లుతాయి, నీటిని లాక్కుపోతాయి. తల ఆగింది, నీరు ఆగలేదు. మెదడు పాపం ఇంకా తిరుగుతున్నామనుకుంటుంది. రాళ్ళు అడుక్కి చేరగానే ఆగిపోతుంది. అందుకే అది నిమిషం లోపే. మీకు గంటలా అనిపిస్తుంది, నిజమే, కానీ గడియారం పెట్టి చూస్తే నిమిషం లోపే.

ఎప్పుడెప్పుడు వస్తుంది? పక్క తిరిగినప్పుడు. పడుకోబోయేటప్పుడు. అటక మీద ఆవకాయ జాడీ కోసం తల పైకెత్తినప్పుడు. గుళ్ళో గాలిగోపురం కేసి చూసినప్పుడు. ముగ్గు వేయడానికి వంగినప్పుడు. సెలూన్లో కుర్చీ వెనక్కి వాల్చినప్పుడు.

దీన్ని కనిపెట్టడానికి స్కానింగు అక్కర్లేదు. బల్ల మీద కూర్చోబెట్టి, తల ఓ పక్కకి సగం తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి, తల బల్ల అంచు నుంచి కాస్త కిందికి వాలుస్తాం. రెండు మూడు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత కనుగుడ్లు వాటంతటవే గింజుకోవడం మొదలవుతుంది, మాకు కళ్ళారా కనిపిస్తుంది. లండన్లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు 1952లో చెప్పిన పరీక్ష ఇది. మరి వైద్యం? అదీ తల తిప్పడమే. జాన్ ఎప్లీ అని అమెరికాలో ఒక చెవి డాక్టరు, రాళ్ళు ఏ దారిన వచ్చాయో ఆ దారినే తల తిప్పుకుంటూ వెనక్కి పంపొచ్చు కదా అన్నాడు. 1980 నాటికే చూపించాడు. తోటి డాక్టర్లు నమ్మలేదు. మందు లేదు, కత్తి లేదు, తల తిప్పితే తగ్గిపోతుందా అని. ఆయన వ్యాసం అచ్చయ్యేసరికి 1992 వచ్చింది. ఇవాళ ప్రపంచమంతా చేసేది అదే.

మా వీధి ఆవిడకి అయిదు నిమిషాలు పట్టింది. లేచి కూర్చుని "ఇంతేనా? ఇంజెక్షన్ లేదా?" అంది. ఆ రాత్రి మంచం మీద పడుకుందట. అందరికీ ఒక్కసారికే తగ్గుతుందని అనను, రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు, ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ రావచ్చు కూడా. యూట్యూబులో చూసి మీ అంతట మీరు చేసుకోకండి మొదటిసారి. ఏ చెవో తెలియాలి, మెడ బాగుండాలి, కంటి రెటీనా ఆపరేషన్ లాంటివి అయ్యాయేమో చూసుకోవాలి. ఒకసారి డాక్టరు చేతిలో నేర్చుకున్నాక ఇంట్లో చేసుకోవచ్చు.

ఇప్పుడు రెండోది, బీపీ. గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలు. పడుకుని ఉండగానే పక్కకి దొర్లితే వస్తుందా, లేచి నిలబడితేనే వస్తుందా? దొర్లితే వస్తే చెవి. పడుకుని దొర్లితే బీపీ పడిపోదు కదా. నిలబడితేనే వస్తే బీపీ వైపు చూడాలి. ఈ ఒక్క ప్రశ్న అడక్క ఎన్ని మెడ పట్టీలు అమ్ముడుపోయాయో!

నిలబడగానే మన రక్తం కాళ్ళలోకి జారుతుంది. కుర్రవాడికైతే రక్తనాళాలు వెంటనే బిగుసుకుని, గుండె రెండు దెబ్బలు ఎక్కువ కొట్టి సర్దేస్తుంది. డెబ్భై ఏళ్ళకి ఆ సర్దుడు నెమ్మదిస్తుంది. షుగరు పాతదైతే ఆ పని చేసే నరాలే దెబ్బతింటాయి. ఇంట్లో బీపీ మిషను ఉన్నవాళ్ళు చేయి ఎత్తండి. చూశారా, సగం మంది. అందరూ కూర్చునే చూసుకుంటారు. ఓసారి ఇలా చూడండి. అయిదు నిమిషాలు పడుకుని చూసుకోండి. లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి చూసుకోండి, పక్కన ఒకరిని ఉంచుకుని. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం మీ డాక్టరుకి చూపించండి. నూటయాభై నుంచి నూటపాతికకి పడినా పడినట్టే. "నూటపాతిక నార్మలే కదా" అనకండి.

దీని వెనక ఎక్కువసార్లు ఉండేది మందుల డబ్బా. బీపీకి రెండు మాత్రలు, అందులో ఒకటి నీళ్ళ మాత్ర, ఒంట్లో నీటిని మూత్రంలో పంపించేది. మగవాళ్ళకి ప్రోస్టేటుకి టామ్సులోసిన్, పడుకునే ముందు. నిద్ర పట్టడానికి ఇంకొకటి. రాత్రి రెండింటికి ఒంటికి పోసుకోవడానికి లేస్తారు, చీకట్లో, నిద్రమత్తులో, ఆ మాత్ర పనిచేస్తున్నప్పుడే. నిలబడి పోసేటప్పుడు బీపీ ఇంకాస్త జారుతుంది. బాత్రూములో పడ్డారు అంటే నేను ముందు అడిగేది ఇదే. రాత్రిపూట మగవాళ్ళు కూడా కమోడ్ మీద కూర్చునే పొయ్యండి, నామోషీ ఏం లేదు. మే నెల ఎండల్లో నీళ్ళ మాత్ర మోతాదు గురించి డాక్టరుని అడగండి. దాంతో ఒంట్లో సోడియం పడిపోయి మనిషి తూలుతూ, మాట తడబడుతూ వచ్చేవాళ్ళని వేసవిలో బాగా చూస్తాం.

పెళ్ళి భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ పడిపోయే తాతగార్లు ఉంటారు. నిండుగా తింటే రక్తం పొట్ట వైపు వెళ్తుంది, గంట రెండు గంటల దాకా బీపీ తగ్గే ఉంటుంది. "దిష్టి తగిలింది" అంటారు. దిష్టి తీయండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ కాసేపు కూర్చోబెట్టి తీయండి. ఇక ఏకాదశి ఉపవాసం ఉండి, షుగరు మాత్ర గ్లిమిపిరైడ్ మాత్రం మానకుండా వేసుకునే భక్తులు. దేవుడు ఉపవాసం లెక్కపెడతాడేమో గానీ మాత్ర లెక్కపెట్టదు. చెమట పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే షుగరు చూడండి, 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి, ఏకాదశైనా సరే. తాగాక మనిషి తేరుకున్నా ఆ రోజంతా కనిపెట్టి ఉండాలి, ఆ మాత్ర చాలాసేపు పనిచేస్తుంది.

సరే, ఇందాకటి కథ. ట్రెజరీలో పనిచేసి రిటైరైన ఒకాయన తల తిరుగుతోందని వచ్చారు. ఆదివారం, జనం. సినారిజిన్ మాత్ర రాసి వారం వాడమన్నాను. ఆయనకి హాయిగా ఉంది. అదే చీటీ పట్టుకెళ్ళి మందుల షాపులో కొనుక్కుంటూ మూడేళ్ళు వాడారు. మూడేళ్ళకి వాళ్ళబ్బాయి తీసుకొచ్చాడు. మనిషి మందగించాడు. ముఖంలో కదలిక లేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేడు. అడుగులు చిన్నచిన్నగా, ముందుకి తూలుతూ. బ్యాంకులో సంతకం కలవలేదని చెక్కు వెనక్కి ఇచ్చారట. పాతదీ కొత్తదీ చూపించాడు, అక్షరాలు చీమల్లా చిన్నవైపోయాయి. పార్కిన్సన్స్ అని ఎవరో మందులు కూడా మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసి పట్టుకురమ్మన్నాను. అడుగున నా చీటీ ఉంది. నా చేతిరాత.

సినారిజిన్, ఫ్లునారిజిన్, ప్రోక్లోర్‌పెరాజిన్, ఇవి మెదడులో డోపమిన్ అని, కదలికల్ని సాఫీగా నడిపించే రసాయనం, దాని పనికి అడ్డుపడతాయి. పార్కిన్సన్స్ జబ్బులో తగ్గేది ఆ డోపమినే. నాలుగు రోజులు వాంతులు ఆగడానికి బాగానే పనికొస్తాయి, పెద్దవాళ్ళు నెలల తరబడి వాడితే మనిషి కర్రలా బిగుసుకుపోవచ్చు. పైగా చెవి దెబ్బతిన్నప్పుడు మెదడు తనంతట తాను సర్దుకుంటుంది, ఈ మాత్రలు ఆ సర్దుబాటునీ నెమ్మదింపజేస్తాయి. ఆయనకి ఆపించాను. నాలుగు నెలలకి వచ్చి నా టేబుల్ మీదే సంతకం పెట్టి చూపించారు. అప్పటినుంచి ఆ మాత్ర రాస్తే పక్కన "5 రోజులు మాత్రమే" అని రాసి గుండ్రం చుడతాను. మీ ఇంట్లో అలాంటి స్ట్రిప్పు ఏళ్ళుగా ఉంటే మీ డాక్టరుకి చూపించి "ఇది ఇంకా కావాలా" అని అడగండి. అడిగితే కోపం వచ్చే డాక్టరైతే ఇంకో డాక్టరుని అడగండి.

తూలడం సంగతి. ఇది తలలో కాదు, చాలాసార్లు పాదాల్లో ఉంటుంది. మనం నిలబడేది మూడింటి మీద: చెవి, కన్ను, అరికాలు. షుగరుతోనో, బి12 తగ్గో అరికాలు మొద్దుబారితే, భారమంతా కంటి మీద పడుతుంది. అప్పుడు తలంటు పోసుకుంటూ కళ్ళు మూసుకోగానే మనిషి పక్కకి ఒరుగుతాడు. "ముఖం కడుక్కుంటుంటే తూలుతోంది" అని ఎవరైనా అంటే నేను చెవి కంటే ముందు చెప్పు విప్పించి పాదం చూస్తాను. శాకాహారులు, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు, పొద్దున్నే గ్యాసు మాత్ర ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళు బి12 చూపించుకోండి. శుక్లాలు ఉన్నవాళ్ళు ఆపరేషన్ వాయిదా వేయకండి. రెండు పవర్ల కళ్ళజోడు పెట్టుకుని మెట్లు దిగితే కింది అద్దంలోంచి మెట్టు మసకగా కనపడుతుంది, అక్కడ పడేవాళ్ళు ఎందరో. వెనకటి రోజుల్లో టీబీకి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి, ఆ మందు లోపలి చెవిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. వాళ్ళకి నడుస్తుంటే ఎదురుగా బోర్డు మీది అక్షరాలు ఎగిరెగిరి పడతాయి.

గంటల తరబడి తిరిగి, చెవిలో హోరు, చెవి దిబ్బడ, వినికిడి తగ్గడం ఉంటే మెనియేర్. 1861లో ఆ పేరుగల ఫ్రెంచి డాక్టరు చెప్పేదాకా దాన్ని మెదడు జబ్బే అనుకునేవారు. రోజుల తరబడి తిరిగితే చెవి నరం వాపు కావచ్చు. అయితే రోజుల తరబడి తిరిగేదాంట్లోనే పక్షవాతం కూడా దాక్కుంటుంది. అందుకే ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి.

చిన్నమెదడుకి రక్తం ఆగితే చెయ్యి పడిపోకపోవచ్చు, మూతి వంకర పోకపోవచ్చు. ఉన్నట్టుండి తల తిరగడం, వాంతులు, నిలబడలేకపోవడం, అంతే ఉండొచ్చు. దానితో పాటు ఒకటి రెండుగా కనపడినా, మాట ముద్దగా వచ్చినా, మింగుడు పడకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోయినా, ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, నిమ్మకాయ రసం, సొంటి కాఫీ అంటూ ఆగకండి. 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు. మొదలైన టైము కాగితం మీద రాయండి, అక్కడ మొదట అడిగేది అదే. ఇంకో మాట, మొదటిరోజు సీటీ స్కాన్‌లో ఇది కనపడకపోవచ్చు. "స్కాన్ నార్మల్" అని ఇంటికి పంపితే, మనిషి ఇంకా నడవలేకపోతుంటే, అక్కడే కూర్చుని మళ్ళీ అడగండి.

కూర్చున్న మనిషి కూర్చున్నట్టే, ఏ హెచ్చరికా లేకుండా ఒరిగిపోయి, అర నిమిషంలో లేచి "నాకేమైంది" అంటే అది గుండె. నాడి నలభైకి పడిపోయి ఉండొచ్చు. అదీ ఆలస్యం చేయకూడదు.

ప్రశ్నలుంటే అడగండి. టీ వచ్చేదాకా టైముంది.

(ప్రశ్న: డాక్టరు గారూ, నాకు సర్వైకల్ స్పాండిలోసిస్ ఉందన్నారు. తల తిరుగుడు దానివల్లేనా?)

మాస్టారూ, ఈ హాల్లో అందరికీ మెడ ఎక్స్‌రే తీస్తే దాదాపు అందరికీ ఎముక అరిగినట్టే ఉంటుంది. తల నెరిసినట్టే అదీ. కనపడింది కదా అని నేరం దాని మీద వేసేస్తాం. మెడ వల్ల తల తిరగడం అసలు లేదనను, చాలా తక్కువ. మీకు పక్క దొర్లినప్పుడు వస్తుందా? వస్తుందా. అయితే రేపు రండి, మెడ పట్టీ ఇంట్లో వదిలేసి రండి.

(ప్రశ్న: చెవిలో గుమిలి తీయించుకుంటుంటే నాకు తల తిరిగిందండీ. అదేమిటి?)

నీళ్ళు చల్లగా ఉండి ఉంటాయి. వియన్నాలో రాబర్ట్ బరాని అనే డాక్టరు ఇలాగే చెవులు కడుగుతుంటే ఒక రోగి నీళ్ళు చల్లగా ఉన్నాయి, తల తిరుగుతోంది అన్నాడు. వేడి చేయించాడు. ఎక్కువ వేడయ్యాయి. మళ్ళీ తిరిగింది, కానీ కనుగుడ్లు ఈసారి అవతలి వైపు కొట్టుకున్నాయి. అక్కణ్ణుంచి లాగి లోపలి చెవి గుట్టు విప్పాడు. 1914 నోబెల్ బహుమతి ఆయనకే ఇచ్చారు. ఆ సంగతి తెలిసేటప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీగా ఉన్నాడు. ఒంటి వేడి నీళ్ళతో కడగమనండి, తిరగదు.

(ప్రశ్న, ఒక మహిళ: ఓసారి బాత్రూములో పడ్డానండీ. అప్పట్నుంచి మా కోడలు తలస్నానం ఒక్కదాన్నీ చేయొద్దంటోంది. నాకు మొహమాటంగా ఉంటుంది.)

మొహమాటం ఉంటుందమ్మా, ఎవరికైనా. పడ్డ తర్వాత వచ్చే భయం కూడా కాళ్ళని బిగబడుతుంది, అది వేరే జబ్బంత పని చేస్తుంది. స్టూలు కాదు, వెనక ఆనుకునే కుర్చీ వేయించుకోండి, ప్లాస్టిక్‌దైనా సరే, కాళ్ళు జారనిది. గోడకి చేతికందే ఎత్తులో ఒక కడ్డీ బిగించమనండి. నీళ్ళు మరీ వేడిగా వద్దు, వేడినీళ్ళకీ బీపీ జారుతుంది. కళ్ళు మూసుకుని తల రుద్దుకునేటప్పుడు ఒక చెయ్యి గోడకి ఆన్చండి. కోడలు లోపలికి రానక్కర్లేదు, బయట వినపడేంత దూరంలో ఉంటే చాలు. తలుపు దగ్గరగా వేసుకోండి, గడియ మాత్రం పెట్టుకోకండి.